ఏ ఇంటిపేరుకు ఏ సగా

సంబంధం అనే మాట మా ఊళ్లలో పెళ్లి గురించే వినిపిస్తుంది. "పిల్లకు సంబంధం వచ్చిందట" అంటే ఎవరికైనా అర్థమవుతుంది. ప్రమేయం అనే మాట పత్రికల్లో కనిపిస్తుంది, ఎవరి ప్రమేయం లేకుండా ఏదో జరిగిపోయిందని రాస్తారు. ఇక ఫంక్షన్ అంటే ఉట్నూరు రోడ్డు మీద రంగురంగుల బల్బులు వేలాడే ఫంక్షన్ హాలే. ఈ మూడు మాటలూ గణితంలోకి వచ్చేసరికి వేరే అర్థం పెట్టుకుని కూర్చుంటాయి. ఇంట్లో గోండీ, సంతలో మరాఠీ, బడిలో తెలుగు, ఇప్పుడు పుస్తకంలో ఇంగ్లీషు. ఇన్ని దాటుకుని వచ్చిన పిల్ల ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల పుస్తకం తెరిస్తే మొదటి పాఠమే ప్రమేయాలు. కొందరు ఆ మొదటి పాఠం దగ్గరే ఆగిపోయి దీపావళి సెలవులకు ఇంటికొచ్చి మళ్లీ వెళ్లరు. దండారి ఆడటానికి వచ్చారు, అలాగే ఉండిపోయారు అంటారు ఊళ్లో. దండారి కారణం కాదని మాకు తెలుసు.

మేము ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా చదివినవాళ్లం. ఆశ్రమ పాఠశాలలో మాకు అప్పగించింది చిన్న తరగతులే. కానీ ఆశ్రమ పాఠశాలలో సాయంత్రం స్టడీ అవర్ అని ఒకటుంటుంది. లాంతరు రోజుల నుంచి ఇన్వర్టర్ రోజుల దాకా ఆ సమయంలో ఎవరికి ఏ సందేహం ఉంటే వాళ్లు మా దగ్గరికే వస్తారు. వేసవిలో ఇంటర్ పిల్లలు కూడా వస్తారు. మేము పదో తరగతి చదివిన రోజుల్లో ప్రమేయాల పాఠం పదిలోనే ఉండేది. ఇప్పుడది ఇంటర్‌కు జరిగింది, పదిలో సమితుల దగ్గర ఆపేస్తున్నారు. అంటే ఇల్లు వదిలి, బడి వదిలి, కొత్త హాస్టల్‌కు వెళ్లిన మొదటి నెలలోనే ఆ పాఠం మీద పడుతుంది. అందుకే ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు సాయంత్రాలు దీన్ని ముందే పరిచయం చేస్తూ వస్తున్నాం. ఎలా చేస్తున్నామో తోటి ఉపాధ్యాయులకు చెప్పాలని, చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాం.

ముందు సంబంధం. రెండు గుంపులు తీసుకోవాలి. ఒక గుంపులో తరగతి పిల్లలు, ఇంకో గుంపులో భాషలు: గోండీ, కొలామీ, మరాఠీ, లంబాడీ, తెలుగు. ఎవరు ఏ భాష మాట్లాడతారో ఆ పిల్ల నుంచి ఆ భాషకు ఒక బాణం గీయాలి. బోర్డంతా బాణాలే. ఒక్కొక్కరి నుంచి రెండు, మూడు, కొందరి నుంచి నాలుగు. ఈ బాణాల మూటే సంబంధం. బాణాన్ని గీయకుండా జంటగా కూడా రాయొచ్చు, పిల్ల పేరు ముందు, భాష పేరు తర్వాత. ముందుదాన్ని వెనక్కి, వెనకదాన్ని ముందుకి మారిస్తే అర్థం మారిపోతుంది కాబట్టి దీన్ని క్రమయుగ్మం అన్నారు. "తండ్రి, కొడుకు" అని రాసినదాన్ని "కొడుకు, తండ్రి" అని తిప్పితే వరసే తప్పుతుంది కదా.

పుస్తకం సంబంధాన్ని అక్కడ వదిలేసి ముందుకు వెళ్తుంది. మేము వదలం. ఎందుకంటే వరసలు తెలిసిన జాతికి సంబంధం అనేది కొత్త సంగతి కాదు, దాని పేరొక్కటే కొత్త.

గోండులలో నాలుగు సగాలున్నాయి. నలుగురు అన్నదమ్ముల నాల్వెన్ సగా, ఐదుగురి సీవెన్, ఆరుగురి సార్వెన్, ఏడుగురి ఏర్వెన్. ప్రతి ఇంటిపేరూ ఈ నాలుగింటిలో ఏదో ఒకదానికి చెందుతుంది. కేస్లాపూర్ నాగోబాను కొలిచే మెస్రం వాళ్లు ఏడుగురి సగా వాళ్లు. ఒకే సగాకు చెందిన ఇంటిపేర్లన్నీ అన్నదమ్ముల వరస, వాళ్ల మధ్య పెళ్లి జరగదు. ఇది మా పెద్దలు బోర్డు, సుద్దముక్క లేకుండా తరతరాలుగా నడిపిస్తున్న లెక్క.

ఈ లెక్కను పిల్లల ముందు పెట్టినప్పుడు మొదట బయటపడింది ఏమిటంటే, కొందరు పిల్లలకు తమ సగా ఏదో తెలియదు. ఐదో ఏట హాస్టల్‌కు వచ్చిన పిల్లకు ఎవరు చెప్తారు? ఇంటిపేరు హాజరు పట్టీలో ఉంది, సగా ఏ పట్టీలోనూ లేదు. ఆ ఆదివారం తల్లిదండ్రులు పిల్లల్ని చూడటానికి వచ్చినప్పుడు బడి ఆవరణలో వేపచెట్టు కింద జరిగిన విచారణ చూడాలి. ఒక తండ్రి తన కొడుకును "లెక్కల సారు సగా అడిగాడా? ఎవరికి సంబంధం చూస్తున్నాడు?" అని అడిగాడట.

సోమవారం సాయంత్రం రెండు గుంపులు గీశాం. ఎడమవైపు తరగతిలోని ఇంటిపేర్లు, కుడివైపు 4, 5, 6, 7. బాణాలు గీయమన్నాం. భాషల బొమ్మకూ ఈ బొమ్మకూ తేడా ఏమిటని అడిగితే వెనక బెంచీ పిల్లవాడే చెప్పాడు: "ఇందులో ఒక్కో ఇంటిపేరు నుంచి ఒక్కటే బాణం పోయింది సార్. ఎవరూ బాణం లేకుండా లేరు. ఎవరికీ రెండు లేవు."

అదే ప్రమేయం. మొదటి గుంపులోని ప్రతి ఒక్కరికీ బాణం ఉండాలి, ఒక్కటే ఉండాలి. ఇంతకన్నా ఆ పాఠంలో కొత్త నియమం లేదు. మొదటి గుంపును ప్రదేశం అంటారు, రెండో గుంపును సహప్రదేశం అంటారు, నిజంగా బాణాలు తగిలిన వాటి గుంపు వ్యాప్తి. మా తరగతిలో ఒక సంవత్సరం నాల్వెన్ సగా పిల్లలు ఎవరూ లేరు. అప్పుడు సహప్రదేశం 4, 5, 6, 7, వ్యాప్తి మాత్రం 5, 6, 7. పిల్లలకు ఈ తేడా చెప్పడానికి గంట పట్టేది. ఆ సంవత్సరం "4 దగ్గర ఎవరూ లేరు" అన్న ఒక్క మాటతో అయిపోయింది.

కుడివైపు ఒకే అంకెకు ఎన్ని బాణాలు వచ్చి తగిలినా ఫరవాలేదు. పిల్లలు తడబడేది ఇక్కడే. "ఏడుకు మూడు బాణాలొచ్చాయి, ఇది ప్రమేయం ఎలా అవుతుంది?" అంటారు. మూడు ఇంటిపేర్లు ఒకే సగాకు పోవచ్చు, ఒక ఇంటిపేరు మూడు సగాలకు పోకూడదు. ప్రతి ఇంటికీ తన వంశకథ కీక్రి మీద పాడే పర్ధాన్ ఉంటాడు, ఆ పర్ధాన్‌కు చాలా ఇళ్లుంటాయి. ఇల్లు నుంచి పర్ధాన్‌కు చూస్తే ప్రమేయం. పర్ధాన్ నుంచి ఇళ్లకు తిప్పి చూస్తే సంబంధమే, ప్రమేయం కాదు. తిప్పినా ప్రమేయంగానే ఉండాలంటే ఒకరికి ఒకరే ఉండాలి, ఎవరూ మిగలకూడదు. మనిషికీ ఆధార్ నంబరుకూ మధ్య ఉండాల్సింది అలాంటి పొత్తే. మనిషి నుంచి నంబరుకు ఒకటే, నంబరు నుంచి మనిషికి ఒకరే. పుస్తకంలో అన్వేకం, సంగ్రస్తం, విలోమం అని మూడు పెద్ద మాటలుంటాయి. పర్ధాన్‌నూ ఆధార్ కార్డునూ పక్కపక్కన పెట్టాక ఆ మాటలు నేర్పితే చాలు.

తరగతిలో లంబాడీ పిల్లవాడొకడున్నాడు. "సార్, నా నుంచి బాణం ఏది?" అన్నాడు. తరగతి నవ్వింది, వాడు నవ్వలేదు. సగా ప్రమేయం గోండుల ఇంటిపేర్ల మీద నిర్వచించినది, నీ ఇంటిపేరు ఈ ప్రదేశంలో లేదు, దానర్థం నీకు లెక్క లేదని కాదు, ఈ లెక్క అక్కడిదాకా పోదని మాత్రమే అని చెప్పాం. కొలాం పిల్లలకు వాళ్ల లెక్క వాళ్లకుంది, లంబాడీలకు వాళ్ల పాడాలున్నాయి. ఆ మాటతో వాడు ఊరుకోలేదు. మర్నాడు "పిల్ల – పుట్టిన ఊరు" అని తనే ఒక ప్రమేయం రాసుకొచ్చాడు, అందులో అందరూ ఉన్నారు. ప్రదేశం చెప్పకుండా ప్రమేయం చెప్పకూడదన్న నియమాన్ని ఏ పుస్తకమూ అంత బాగా చెప్పలేదు.

అంతకన్నా గట్టి ప్రశ్న ఒక ఆడపిల్ల వేసింది. తొమ్మిదో తరగతి, ఎక్కువ మాట్లాడేది కాదు. ఇంటిపేర్లు కాకుండా మనుషులనే ఎడమవైపు రాద్దామని మేమే అన్న రోజు అది. లేచి నిలబడి, "అయితే మా అమ్మ నుంచి రెండు బాణాలు పోతాయి సార్" అంది. "చెప్పు బాయీ" అన్నాం. "పుట్టినప్పుడు మా తాత సగా. పెళ్లయ్యాక నాన్న దేవుళ్లకు కలిపారు, ఇప్పుడు నాన్న సగా. రెండు బాణాలుంటే ప్రమేయం కాదని మీరే చెప్పారు. మగవాళ్లను రాస్తే ప్రమేయం, ఆడవాళ్లను రాస్తే కాదా?"

కేస్లాపూర్‌లో మెస్రం వారి కొత్త కోడళ్లను నాగోబాకు పరిచయం చేసే భేటింగ్ అందరూ చూసిందే. కోడలు అక్కడ ఆ వంశంలో కలుస్తుంది. పిల్ల అడిగినది అలాంటి మార్పు గురించే. అది ఆచారం గురించిన ప్రశ్న, లెక్క గురించిన ప్రశ్న కూడా. ఆచారం సంగతి పెద్దల దగ్గర, ఆడవాళ్ల దగ్గర కూర్చుని మాట్లాడుకోవాలి. లెక్క సంగతి మాత్రం ఆ సాయంత్రమే తేల్చాం. రెండు దారులున్నాయి. ఒకటి, "పుట్టిన సగా" అని ఒక ప్రమేయం, "ఇప్పుడు కొలిచే సగా" అని ఇంకో ప్రమేయం రాయడం. రెండు నియమాలు, రెండు ప్రమేయాలు. మొదటిదానిలో అమ్మకు తాత సగా, రెండోదానిలో నాన్న సగా, ఒక్కోదానిలో ఒక్క బాణమే. రెండో దారి, ఎడమవైపు మనిషిని ఒక్కదాన్నే కాకుండా మనిషినీ కాలాన్నీ జంటగా పెట్టడం. "అమ్మ, పెళ్లికి ముందు" ఒకటి, "అమ్మ, పెళ్లి తర్వాత" ఇంకొకటి. రెండు బాణాలొస్తున్నాయంటే నియమం తప్పని కాదు, మనం చెప్పాల్సింది పూర్తిగా చెప్పలేదని. పెద్ద తరగతుల్లో రెండు చలరాశుల ప్రమేయం అని వచ్చేది ఇదే. ఆ పిల్ల రెండో దారే బాగుందంది. మొదటిదానిలో అమ్మ ఏదో ఒకచోట దాగిపోతుందట.

సంతలోనూ ఇదే లెక్క ఉంది. "మానికెడు ఎంత బరువు?" అని అడిగితే జవాబు లేదు. మానికెడు జొన్నల బరువు వేరు, మానికెడు ఇప్పపువ్వు బరువు వేరు. కొలత ఒక్కటే చెప్తే బరువుకు చాలా బాణాలు పోతాయి. సరుకూ కొలతా జంటగా చెప్తేనే ఒక్క బాణం. పూర్వం సంతకు వచ్చే షావుకార్లలో కొందరు కొనడానికి ఒక మానిక, అమ్మడానికి ఇంకో మానిక తెచ్చేవారని మా తాతలు చెప్పేవారు. ఒకే పేరుకు రెండు విలువలు పెట్టి బతికిన వ్యాపారం అది.

సగాల పటం గురించి విని ఊరి పటేల్ బడికి వచ్చాడు. పెద్దాయన, కోపంగానే వచ్చాడు. "గురూజీ, దేవుళ్ల లెక్క సుద్దముక్కతో రాసి గుడ్డతో తుడిచేస్తారా?" అన్నాడు. ఆ మాటలో న్యాయముంది. ఆ రోజు నుంచి ఆ పటాన్ని బోర్డు మీద రాయడం లేదు, పిల్లలు పెద్ద కాగితం మీద రాసి గోడకు అంటిస్తారు, సంవత్సరం చివర ఇంటికి తీసుకెళ్తారు. పటేల్ దాదా వచ్చిన కోపం మర్చిపోయి ఆ పటం ముందు చాలాసేపు నిలబడ్డాడు. పిల్లల్ని ఒక్కొక్కరినీ ఇంటిపేరు అడిగి, వాళ్ల తాతల పేర్లు తనే చెప్పాడు. పెళ్లి మాటకు సగా ఒక్కటే చూడరనీ, ఇంకా చూడాల్సినవి ఉంటాయనీ, ఈ కాగితం చూసి ఎవరూ పెళ్లి కుదుర్చుకోవద్దనీ చెప్పి వెళ్లాడు.

ఆయన ఉన్నప్పుడే ఇంకో సంగతి చూపించాం. "ఒకే సగా" అనే సంబంధం తీసుకుంటే, ఎవరికి వారు తమ సగా వాళ్లే. అతను నా సగా అయితే నేను అతని సగా. అతను నా సగా, ఇంకొకరు అతని సగా అయితే ఆ ఇంకొకరు నా సగా. ఈ మూడూ ఉన్నదాన్ని తుల్య సంబంధం అంటారు. తుల్య సంబంధం ఎక్కడున్నా అది జనాన్ని విడివిడి గుంపులుగా పంచుతుంది, ఎవరూ రెండు గుంపుల్లో ఉండరు, ఎవరూ బయట మిగలరు. ఇక "పెళ్లి కుదిరే సగా" అనే సంబంధం చూడండి. తనకు తనతో కుదరదు. నాలుగుకు ఐదుతో కుదిరితే ఐదుకు నాలుగుతో కుదురుతుంది. ఒకరి నుంచి ఇంకొకరికి పాకుతుందా అంటే పాకదు. నాలుగు నుంచి ఐదుకు, ఐదు నుంచి మళ్లీ నాలుగుకు బాణముంది కదా, పాకేదే అయితే నాలుగుకు నాలుగుతో కుదరాలి, అది కుదరదు. నాలుగు సగాలకు మొత్తం క్రమయుగ్మాలు 16, తనతో తనవి 4 తీసేస్తే 12. పిల్లలు ఆ పన్నెండూ రాశారు. పటేల్ దాదా వేళ్ల మీద లెక్కపెట్టి చూసుకున్నాడు.

ఇదంతా బడి కోసం మేము అల్లుకున్న ఆట అనుకోవద్దు. 1949లో క్లోడ్ లెవీ స్ట్రాస్ అనే ఫ్రెంచి మానవశాస్త్రవేత్త బంధుత్వాల మీద పెద్ద గ్రంథం వేశాడు. అందులో ఆస్ట్రేలియా ఆదివాసుల పెళ్లి నియమాలు ఎంతో చిక్కుగా ఉంటే, వాటిని విడదీయడానికి ఆంద్రే వేయ్ అనే గణిత శాస్త్రవేత్త సాయం పట్టాడు. వేయ్ ఆ శతాబ్దపు పెద్ద గణితజ్ఞుల్లో ఒకడు. ఆ పుస్తకానికి ఆయన రాసిన అనుబంధంలో ఉన్నది బీజగణితమే. పెళ్లి రకాన్ని ఒక అక్షరంతో రాసి, ఆ పెళ్లికి పుట్టిన కొడుకు చేసుకోగల పెళ్లి రకం ఒక ప్రమేయం, కూతురు చేసుకోగల పెళ్లి రకం ఇంకో ప్రమేయం అన్నాడు.

ఆస్ట్రేలియాలోనే కరియెర అనే జనం లెక్క ఇంకా తేలిక, పిల్లలతో చేయించొచ్చు. వాళ్లలో నాలుగు వర్గాలు: బనక, బురుంగ్, కరిమెర, పల్యేరి. బనకకూ బురుంగ్‌కూ పెళ్లి, కరిమెరకూ పల్యేరికీ పెళ్లి. బనక తండ్రి పిల్లలు పల్యేరి, పల్యేరి తండ్రి పిల్లలు బనక. బురుంగ్ తండ్రి పిల్లలు కరిమెర, కరిమెర తండ్రి పిల్లలు బురుంగ్. మాలో తండ్రి సగానే పిల్లలది, అక్కడ అలా కాదు, వర్గం మారుతుంది. తండ్రి నుంచి పిల్లలకు పోయే ప్రమేయాన్ని రెండుసార్లు వేస్తే బయలుదేరిన చోటికే వస్తాం: తాతదీ మనవడిదీ ఒకటే వర్గం. తల్లి వర్గం తెలిసి పిల్లల వర్గం కావాలంటే? ముందు పెళ్లి ప్రమేయం వేసి తండ్రి వర్గం కనుక్కోవాలి, దాని మీద తండ్రి ప్రమేయం వేయాలి. బురుంగ్ తల్లికి భర్త బనక, పిల్లలు పల్యేరి. ఒకదాని మీద ఒకటి వేసే దీన్ని సంయుక్త ప్రమేయం అంటారు. ఈ నాలుగు పేర్లూ మా పిల్లలు నవ్వుకుంటూ నేర్చుకున్నారు, కానీ లెక్కను ఎవరూ వింతగా చూడలేదు. పట్నం పిల్లలకు చెప్తే ముందు "అలా ఎందుకు?" అంటారేమో. మా పిల్లలు "వాళ్లకెన్ని సగాలు?" అన్నారు.

గుర్తుల దగ్గర మాత్రం మా పిల్లలూ అందరిలాగే పడతారు. f(x) అని రాసే అలవాటు 1734 నాటికి ఆయిలర్ మొదలుపెట్టాడు. బీజగణితం అప్పుడే నేర్చిన పిల్లకు పక్కపక్కన ఉన్న అక్షరాలు గుణకారం. అందుకే f ని x తో గుణించమంటున్నారనుకుంటుంది. గిర్ని చెప్తాం. f అంటే గిర్ని, x అంటే అందులో పోసిన గింజ, f(x) అంటే వచ్చిన పిండి. జొన్న పోస్తే జొన్నపిండి, గోధుమ పోస్తే గోధుమపిండి. గిర్నిని గింజతో ఎవరూ గుణించరు. ఒకే గింజ పోస్తే ఒకసారి పిండి, ఒకసారి రవ్వ వస్తే ఆ గిర్నికి ఎవరూ పోరు, అది ప్రమేయం కాదు.

ఇంకో తప్పు ఇంతకన్నా మొండిది. f(a+b) అంటే f(a)+f(b) అని రాసేస్తారు, ఇంటర్ పూర్తయినవాళ్లు కూడా. దీనికి పత్తి బండి చెప్తాం. బండి కిరాయి 500 రూపాయలు, పైన బస్తాకు 40 అనుకుందాం. f(x) = 500 + 40x. పది బస్తాలు ఒకే బండిలో వేస్తే 900. అదే ఇద్దరు అన్నదమ్ములు పంతం పట్టి ఐదైదు బస్తాలు వేరువేరు బండ్లలో వేస్తే 700, 700, మొత్తం 1,400. అన్నదమ్ములు మాట్లాడుకోకపోతే 500 పోయాయి. f(5+5), f(5)+f(5) ఒకటి కాదని ఆ తర్వాత చెప్పాల్సిన అవసరం రాలేదు.

పత్తి అన్నాక తేమ మాట రాకుండా ఉండదు. గ్రాఫ్ నేర్పడానికి మేము వాడేది అదే. 2023–24లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,020 రూపాయలు. అది 8 శాతం తేమకు. ఆ పైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం, అంటే 70 రూపాయల 20 పైసలు తగ్గుతుంది. 9 శాతానికి 6,949.80, 10కి 6,879.60, 11కి 6,809.40, 12కి 6,739.20. తేమను m అనుకుంటే ధర f(m) = 7020 – 70.20(m – 8). 12 దాటితే కేంద్రంలో కొనరు. అంటే ఈ ప్రమేయానికి ప్రదేశం 8 నుంచి 12 వరకే. గ్రాఫ్ కాగితం మీద గీత 12 దగ్గర ఆగిపోతుంది. "13 దగ్గర ఏముంది సార్?" అని అడిగాడొకడు. అక్కడ సూత్రం లేదు, అక్కడ దళారి ఉన్నాడు. ఏ రోజు ఏ ధర చెప్తాడో అదే ధర. ఒకే తేమకు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. గ్రాఫ్ మీద నిలువు గీత గీస్తే అది ఒకటికన్నా ఎక్కువ చోట్ల తగిలితే ప్రమేయం కాదని పుస్తకంలో ఉంటుంది కదా, దళారి ధరల చుక్కలు పెట్టి చూపిస్తే నిలువు గీత మీద రెండు, మూడు చుక్కలు వరసగా కనపడతాయి. సూత్రం లేకపోయినా నియమం ఉంటే ప్రమేయమే అవుతుందని 1837లో డిరిక్లే చెప్పాడు, అందుకే సగా పటమూ ప్రమేయమే, ఏ సూత్రమూ లేకున్నా. దళారి దగ్గర ఆ నియమమూ ఉండదు.

ఈ లెక్క పిల్లలకు ఎంతవరకు పనికొస్తుందంటే, ఎనిమిది క్వింటాళ్లు 12 శాతంతో అమ్మితే 2,246 రూపాయల 40 పైసలు తగ్గుతాయని, రెండు రోజులు ఎండపెడితే ఎంత మిగులుతుందో తండ్రికి చెప్పగలరు. యంత్రంలో చూపిన అంకె అడిగి రాసుకోగలరు. అడిగి రాసుకునే పిల్ల పక్కన ఉంటే తూచేవాడి గొంతు కూడా కొంచెం మారుతుంది.

మాతృభాషలో చెప్పాలా అని తోటి ఉపాధ్యాయులు అడుగుతుంటారు. 1943లో నిజాం కాలంలో, కొమురం భీం మరణం తర్వాత, మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టారు. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో అచ్చయ్యాయి. మా ముందు తరంలో తొలి గురూజీలు అలా తయారైనవాళ్లే. ఆ దారి కొనసాగి ఉంటే ఈ వ్యాసం గోండీలో ఉండేదేమో. ఇప్పుడున్న స్థితిలో మేము చేసేది ఇది: ఆలోచన గోండీలో, పేరు తెలుగులో, గుర్తు ఇంగ్లీషులో. మూడూ ఒకే రోజు చెప్పం. పిల్ల గోండీలో "ఒక్కరికి ఒక్కటే" అని తన నోటితో అన్నాకే ప్రమేయం అనే మాట బోర్డు మీదకు వస్తుంది. ముందే మాట రాసి అర్థం చెప్పడం మొదలుపెడితే వాళ్లు మాటనే బట్టీ పడతారు.

అమ్మ బాణాల గురించి అడిగిన ఆ పిల్ల ఇప్పుడు ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. ప్రమేయాల పాఠం దాటింది. కానీ ఉపకారవేతనం ఆగింది. కారణం లెక్కలు కాదు, ఇంటిపేరు. గోండీ పేర్లను రాసేవాళ్లు తమకు వినపడినట్టు రాస్తారు. ఒకచోట ఆత్రం, ఇంకోచోట అత్రం, ఇంగ్లీషులో ఇంకెన్నో. ఆమెకు బడి రికార్డులో ఒక రకంగా, ఆధార్‌లో ఒక రకంగా, కులపత్రంలో మూడో రకంగా ఉంది. కంప్యూటర్‌కు ముగ్గురు మనుషులు కనపడుతున్నారు. మనిషి నుంచి పేరుకు మూడు బాణాలు. ఒక ఆఫీసులో ముందు ఆధార్ మార్చుకు రమ్మన్నారు, ఆధార్ దగ్గర ముందు కులపత్రం మార్చమన్నారు. ఇలా ఒకరి నుంచి ఒకరికి తిరుగుతూ దసరా అయిపోయింది.

ఆమె దరఖాస్తు తనే రాసింది. మూడు కాగితాల నకళ్లు, తండ్రివి మూడు, తాత పట్టా పాస్‌బుక్కు జతచేసింది. చివర ఒక చిన్న పటం గీసింది. ఎడమవైపు మూడు రకాల స్పెల్లింగులు, కుడివైపు ఒకటే ఇంటిపేరు, దాని పక్కన సగా. మూడు బాణాలూ ఒకే చోటికి. "ఇలా తిప్పి చూస్తే ఇది ప్రమేయమే కదా సార్, వాళ్లకు అర్థమవుతుందా?" అని ఫోన్‌లో అడిగింది. అర్థం కాకపోతే మేము చెప్తాం అన్నాం. వచ్చే సోమవారం అర్జీలు తీసుకునే రోజు. పటేల్ దాదా కూడా వస్తానన్నాడు, ఆమె తాత ఏ సగా అని ఎవరైనా అడిగితే చెప్పడానికి. పొద్దున మొదటి బస్సుకే బయల్దేరాలి.